పలాస జీడి యూనిట్‌లో పనోళ్లకి పీఎఫ్ కట్టాలి, కానీ వాళ్లే వద్దంటున్నారు. ఏం చెయ్యాలి?

ఉద్దానం_అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. మాది పలాస పక్క ఊరు, నాన్నగారికి చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది, ఈమధ్య ఆయనకి ఒంట్లో బాగోక లెక్కలన్నీ నేనే చూస్తన్నాను. పిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర ఇద్దరు, కటింగ్ మిషన్ల మీద ఆరుగురు, పొట్టు తీసేవాళ్లూ గ్రేడింగ్ చేసేవాళ్లూ కలిపి ఆడోళ్లు పదమూడు మంది, మేనేజరు, వాచ్‌మేన్, ఆటో డ్రైవరు, మొత్తం 24. వీళ్లలో నెలజీతం మీద ఉన్నది నలుగురైదుగురే, మిగతా అందరికీ కేజీల లెక్క, ఎంత పొట్టు తీస్తే అంత, శనివారం సాయంత్రం లెక్కచూసి చేతికిచ్చేస్తాం.

మాకు పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ (పనోళ్ల వైద్య బీమా) లేదు. నాన్నగారు మొదలెట్టినప్పుడు పదిమంది కూడా లేరు. 2018లో తిత్లీ తుఫాను వచ్చి తోటలు పడిపోయాక చాన్నాళ్లు సగం మందితోనే నడిచింది, పోయిన ఏడాది మిషన్లు పెంచాక మనుషులూ పెరిగేరు. ఇప్పుడు మాకు లెక్కలు రాసే ఆయన ఏటంటారంటే రిజిస్టర్లో 18 మందినే చూపించు, లేదా గ్రేడింగ్ షెడ్డు అమ్మ పేరు మీద ఇంకో సంస్థగా పెట్టెయ్, రెండిట్లోనూ 20 దాటరు, పీఎఫ్ గొడవ ఉండదు అని. నాకు అది మనసుకి ఒప్పలేదు.

అలాగని పనోళ్లని అడిగితే వాళ్లూ వద్దంటన్నారు. "మాకీ పీఎఫ్‌లూ గీఎఫ్‌లూ వద్దు పాపా, ఆ డబ్బులేవో చేతికిచ్చీ, ముసిలోళ్లమైపోయాక ఎవుడిచ్చీడు" అని ముఖమ్మీదే అనేశారు. వాళ్లలో ఇద్దరికి అరవై దాటింది, నలుగురైదుగురు యాభైకి దగ్గర్లో ఉన్నారు, మిగతా అందరూ ముప్పై నలభై.

నాకు తెలియాల్సింది ఇదీ: కేజీల లెక్కన చేసేవాళ్లు కూడా లెక్కలోకొస్తారా? వాళ్లు రాసిచ్చి వద్దంటే మానెయ్యొచ్చా? మనిషికి ఎంత కట్టాలి, అందులో వాళ్లదెంత మాదెంత? పోయిన నెలలవి కూడా కట్టమంటారా? ట్యాక్స్ సంగతి ఏంటి? తెలిసినవాళ్లు కొంచెం విడమర్చి చెప్పండి, మీ పేరు చెప్పుకుంటాను.

అరసవల్లి_అకౌంట్స్:

అమ్మా, ముందు ఒక్క మాట, రెండు సంస్థలుగా చీల్చే ఆలోచన అసలు పెట్టుకోకండి. ఒకే కుటుంబం, ఒకే ఆవరణ, ఒకే సరుకు, ఒక షెడ్డులో తీసిన పప్పే ఇంకో షెడ్డులో గ్రేడింగ్ అయితే పీఎఫ్ వాళ్లు రెండిట్నీ కలిపి ఒకే సంస్థ కింద లెక్కేస్తారు, చట్టంలోనే ఆ మాట ఉంది. అప్పుడు మొదటి రోజు నుంచి బాకీ, దానిమీద వడ్డీ, దానిమీద జరిమానా. 18 మందినే చూపించడం ఇంకా ప్రమాదం, రేపు మిషన్లో ఎవరి చెయ్యో పడితే ఆ మనిషి మీ రిజిస్టర్లో లేడు, అప్పుడేం చెప్తారు?

కేజీల లెక్క అయినా రోజుకూలీ అయినా కాంట్రాక్టరు తెచ్చిన మనిషయినా పీఎఫ్ చట్టం దృష్టిలో పనివాడే. 1952 నాటి చట్టం అది, జీతం తీసుకుని మీ సంస్థ పనిలో ఉన్న ఎవరైనా అని రాశారు, నెలజీతం ఉండాలని ఎక్కడా లేదు. 20 మంది అయిన రోజు నుంచే వర్తిస్తుంది, ఒకసారి వర్తించాక మనుషులు తగ్గి 15 మందే మిగిలినా వదలదు. మేనేజరు జీతం ఎక్కువ కాబట్టి పీఎఫ్ లేకపోయినా తల లెక్కలో ఆయన కూడా వస్తారు. ఈఎస్‌ఐ అయితే 10 మందికే వచ్చేస్తుంది, అది మీకు ఎప్పుడో రావాల్సింది.

వాళ్లు వద్దని కాగితం రాసిచ్చినా చెల్లదమ్మా. 15 వేలు లోపు తీసుకునే మనిషికి పీఎఫ్ తప్పనిసరి, అది వాళ్లూ వద్దనలేరు మీరూ వద్దనలేరు.

లెక్క చెప్తాను చూడండి. ఒకావిడకి ఒక నెలలో 12 వేలు వచ్చాయనుకుందాం. ఆవిడ నుంచి 12 శాతం, అంటే 1,440. మీరూ 12 శాతం, ఇంకో 1,440, కానీ మీది రెండుగా చీలుతుంది, 8.33 శాతం అంటే 1,000 పెన్షన్‌కి పోతుంది, మిగతా 440 ఆవిడ పీఎఫ్‌లోకి పోతుంది. ఇది కాక ఇన్సూరెన్స్‌కి అర శాతం 60, పీఎఫ్ ఆఫీసు ఖర్చులకి అర శాతం 60, ఇవి రెండూ మీవే. అంటే పీఎఫ్ మీద మీకు పడేది 1,560. ఈఎస్‌ఐకి ఆవిడ ముప్పావు శాతం 90, మీరు మూడుంబావు శాతం 390. ఆవిడ చేతికి 10,470 వస్తుంది, మీకు 12 వేలు కాక ఇంకో 1,950 అవుతుంది. 24 మందికీ సగటున ఇదే అనుకుంటే నెలకి 46,800 మీ జేబులోంచి. చిన్న మొత్తం కాదు, నాకు తెలుసు. కానీ ఆ 1,950ని వాళ్ల కూలీలోంచి కోసేసేవాళ్లు మన దగ్గర ఉన్నారు, అది మాత్రం నేరం, యజమాని వాటా ఎట్టి పరిస్థితుల్లోనూ పనివాళ్ల దగ్గర తియ్యకూడదు.

కేజీల లెక్క కాబట్టి నెలనెలా మారుతుంది, ఏ నెల ఎంత వస్తే దానిమీదే శాతం. పీఎఫ్ అయినా ఈఎస్‌ఐ అయినా తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టెయ్యాలి. ఆలస్యమైతే పీఎఫ్ బాకీ మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, అది కాక జరిమానా నెలకి 1 శాతం, ఈ జరిమానా 2024 జూన్ ముందు ఇంకా చాలా ఎక్కువుండేది.

జీతాన్ని ముక్కలు చేసి బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ చూపించి పీఎఫ్ తగ్గిద్దామని కూడా ఎవరైనా సలహా ఇస్తారు మీకు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సు కూడా పీఎఫ్ లెక్కలోకే వస్తుందని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పేసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో అయితే మొత్తం ఇచ్చేదాన్లో అలవెన్సులు సగం దాటితే దాటినదంతా వేతనం కిందే కలిపేస్తారు.

కనీస వేతనం సంగతి కూడా చూసుకోండి, కేజీల లెక్క ఇచ్చినా ఎనిమిది గంటలు చేసిన మనిషికి రోజుకి అంతకంటే తగ్గకూడదు. మన రాష్ట్రంలో ధరలని బట్టి ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ కరువు భత్యం మారుతుంది, లేబర్ ఆఫీసులో ఆ కాగితం తీసుకుని షెడ్డులో గోడకి అంటించండి.

మందస_జీడి:

అమ్మా నేనూ యూనిట్ ఓనర్నే, నీ కష్టం నాకు తెలుసు. పైన ఆయన చెప్పినదంతా న్యాయమే గానీ ఒక మాట ఆలోచించు, పక్క యూనిట్ వాడు ఏవీ కట్టకుండా కేజీ మీద పది పదిహేను తగ్గించి అమ్మేస్తే మనం ఏం చెయ్యాలి? పిక్కలకి ఆఫ్రికా మీద ఆధారపడిపోయాం, రేటు అక్కడ పెరిగితే ఇక్కడ షెడ్లు మూతపడతాయి. ఏడాదంతా పనుండదు, పని లేని నెలల్లో పనోళ్లు చెన్నై, హైదరాబాద్ పోతారు, మళ్లీ వచ్చేది ఎందరో తెలీదు. ఇలాంటి పనికి నెల నెలా 46 వేలు అదనం అంటే చిన్న యూనిట్ తట్టుకోలేదు. నేను ఎగ్గొట్టమని చెప్పట్లేదు, నేను కడతన్నాను, కానీ అందరికీ ఒకేలా ఉండాలి కదా అని నా బాధ. మనలో సగంమంది కట్టి సగంమంది కట్టకపోతే కట్టినోడే నష్టపోతన్నాడు.

ఇంకోటి, వెనకటి బాకీకి భయపడే చాలామంది రిజిస్టర్ అవ్వట్లేదు, ఇప్పుడెళ్తే పాతవన్నీ తవ్వుతారని. దానికేమైనా దారుందా?

అరసవల్లి_అకౌంట్స్:

దారుందండి, అందుకే మళ్లీ రాస్తన్నాను. 2025 నవంబర్ 1 నుంచి పీఎఫ్ వాళ్లు ఒక నమోదు కార్యక్రమం పెట్టారు, 2026 ఏప్రిల్ 30 దాకా ఉంది. 2017 జులై నుంచి 2025 అక్టోబర్ వరకు చేర్చకుండా వదిలేసిన పనివాళ్లని, ఇప్పుడు మీ దగ్గర పనిలో ఉన్నవాళ్లయితే, మీరంతట మీరే ప్రకటించి చేర్చొచ్చు. వాళ్ల జీతంలోంచి అప్పట్లో కొయ్యలేదు కాబట్టి వాళ్ల వాటా మాఫీ, మీ వాటా, దాని వడ్డీ, ఆఫీసు ఖర్చులు కడితే చాలు, జరిమానా వంద రూపాయలతో సరి. ఇంతవరకూ రిజిస్టర్ కాని సంస్థలకి కూడా ఇది పనికొస్తుంది. ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, మీకు 20 దాటింది పోయిన ఏడాదే కాబట్టి బాకీ కూడా కొన్ని నెలలదే, ఈ నెలలోనే పని మొదలెట్టండి.

ఇంకోటి, కొత్తగా మనుషుల్ని పెట్టుకునేవాళ్లకి ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అని 2025 ఆగస్టు 1న మొదలైంది, 2027 జులై చివరిదాకా చేరినవాళ్లకి వర్తిస్తుంది. యాభై మంది లోపున్న యూనిట్ కనీసం ఇద్దరిని అదనంగా పెట్టుకుని ఆర్నెల్లు నిలబెట్టుకుంటే, 10 నుంచి 20 వేల జీతం మధ్య ఉన్న మనిషికి నెలకి 2 వేలు యజమానికి ఇస్తారు, ఫ్యాక్టరీలయితే నాలుగేళ్లు. జీవితంలో మొదటిసారి పీఎఫ్‌లో చేరిన మనిషికి కూడా ఒక నెల జీతం, 15 వేలు మించకుండా, రెండు విడతల్లో వస్తుంది. మందస అన్నగారి బాధ న్యాయమైనదే, కట్టనోడి మీద ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి, కానీ అది కట్టకుండా ఉండడానికి కారణం కాకూడదు కదండీ.

పైడిభీమవరం_షిఫ్ట్:

అక్కా, నేను యజమాని వైపు కాదు, పనోడి వైపు నుంచి చెప్తాను. నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేసేవాణ్ని, కంపెనీ పేరూ కాంట్రాక్టరు పేరూ వద్దులే. స్లిప్పులో నెలనెలా పీఎఫ్ కటింగ్ అని ఉండేది, మేమందరం కట్టేస్తన్నారనే అనుకునేవాళ్లం. ఒక కుర్రాడికి పెళ్లి ఖర్చులకని అడ్వాన్స్ పెడదామని ఉమంగ్ అనే గవర్నమెంట్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే చాలా నెలలు ఖాళీ, కోసినదంతా కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోయింది. అడిగితే వస్తాది వస్తాది అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

అప్పుడు రణస్థలంలో ఒక యూనియన్ ఆయన చెప్పాడు, కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీయే బాధ్యత, వాళ్ల దగ్గర వసూలు చేసి వాళ్లు కాంట్రాక్టరు బిల్లులో మినహాయించుకోవచ్చని. పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్లో అందరం విడివిడిగా స్లిప్పుల ఫోటోలు పెట్టి కంప్లైంట్ ఇచ్చాం. ప్రతి నెలా 27న ప్రతి జిల్లాలోనూ నిధి ఆప్కే నికట్ అని పీఎఫ్ వాళ్ల క్యాంపు ఉంటాది కదా, అక్కడికి కూడా వెళ్లాం. కంపెనీ కదిలింది, డబ్బులు పడ్డాయి, కానీ చానా తిరిగాం అక్కా.

నీ దగ్గర పనిచేసే ఆడోళ్లు "ఎవుడిచ్చీడు" అంటన్నారంటే ఊరికే అనట్లేదు. ఇలాగ మోసపోయినోళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. అందుకని నువ్వు కడితే సరిపోదు, వాళ్లకి చూపించాలి. ప్రతి ఒక్కరి ఫోన్లో ఉమంగ్ వెయ్యించు, ఫోన్ లేనోళ్లకి కొడుకో కూతురో ఉంటారు వాళ్ల ఫోన్లో వెయ్యించు. యూఏఎన్‌లో (మనిషికి ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు) ఎక్కించిన ఫోన్ నంబర్ నుంచి 9966044425కి మిస్‌డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వచ్చేస్తాది, దానికి డేటా కూడా అక్కర్లేదు. మొదటి నెల కట్టాక శనివారం లెక్కలప్పుడే అందరిచేతా మిస్‌డ్ కాల్ ఇప్పించు. వాళ్లకి 1,440 కోసినచోట 1,880 కనపడితే వాళ్లకే అర్థమవుతాది. కోసి కట్టకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతాదని కూడా వాళ్లకి చెప్పు, వాళ్ల హక్కు వాళ్లకి తెలియాలి.

నెల్లిమర్ల_మాస్టారు:

తల్లీ, నేను జనపనార మిల్లులో చేసి రిటైరైన మనిషిని, పెన్షన్ తీసుకుంటన్నాను కాబట్టి ఆ సంగతి నేను చెప్తాను.

పీఎఫ్ వేరు, పెన్షన్ వేరు. పీఎఫ్ నీ డబ్బు నీకొచ్చీడం. పెన్షన్ పథకం 1995 నవంబర్ 16న వచ్చింది, యజమాని కట్టే 8.33 శాతంతో నడుస్తుంది, పనోడు దానికి పైసా కట్టక్కర్లేదు. 58 ఏళ్లకి పెన్షన్ రావాలంటే మొత్తం మీద పదేళ్ల సర్వీసు ఉండాలి, ఒకేచోట ఉండక్కర్లేదు, పది చోట్ల చేసినా ఒకే యూఏఎన్ మీద ఉంటే కలుస్తుంది. లెక్క ఏమిటంటే ఆఖరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసుతో హెచ్చవేసి 70తో భాగించాలి. 12 వేల మీద పదేళ్లు చేస్తే నెలకి 1,714. ఇరవై ఏళ్లు చేస్తే రెండేళ్లు అదనంగా కలుపుతారు, అప్పుడు 3,771. గొప్ప డబ్బు కాదు, నాకు తెలుసు. కనీస పెన్షన్ 2014 నుంచి వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోయింది, దాన్ని పెంచమని మాలాంటోళ్లం అడుగుతూనే ఉన్నాం. కానీ నెల మొదట్లో బ్యాంకులో పడే ఆ డబ్బుతో మందులు కొనుక్కునే ముసిలోళ్లని రోజూ చూస్తన్నాను తల్లీ, ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేదు అనే ధైర్యం వేరు.

మా మిల్లులో చానామంది పని మానేసిన ప్రతిసారీ 10సి ఫారం పెట్టి పెన్షన్ డబ్బు కూడా తీసేసుకునేవారు. నాలుగేళ్లు ఒకచోట, ఐదేళ్లు ఇంకోచోట, ఐదేళ్లు మరోచోట చేసి మొత్తం పదేళ్లు దాటినా చేతికి పెన్షన్ లేదు. డబ్బు తియ్యకుండా, చేసిన సర్వీసు రాసిచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే సర్వీసు కలిసేది. మీ దగ్గర పని లేని నెలల్లో చెన్నై పోయేవాళ్లకి ఇది మరీ మరీ చెప్పు, అక్కడ చేరినప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇమ్మను.

ఇంకో ముఖ్యమైన సంగతి. 58కి పదేళ్లు కావాలంటే 48 దాటకముందే చేరాలి. నువ్వు యాభైకి దగ్గర్లో ఉన్నారన్న నలుగురైదుగురిలో ఎవరికి 47 ఉందో ఎవరికి 49 ఉందో ఆధార్‌లో చూడు, నువ్వు ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ ఒకరిద్దరికి జీవితాంతం పెన్షన్ పోయినట్టే. అరవై దాటిన ఇద్దరికి పెన్షన్ ఉండదు, కానీ పీఎఫ్‌కి వయసు హద్దు లేదు, నీ 12 శాతం మొత్తం వాళ్ల పీఎఫ్‌లోకే పోతుంది.

చనిపోతే కూడా చెప్పాలి. పనిలో ఉండగా మనిషి పోతే, ఒక్క నెల కట్టి ఉన్నా చాలు, భార్యకి గానీ భర్తకి గానీ పెన్షన్ వస్తుంది, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా వస్తుంది. ఇన్సూరెన్స్ ఏడాది సర్వీసు ఉంటే తక్కువలో తక్కువ రెండున్నర లక్షలు, ఎక్కువలో ఎక్కువ 7 లక్షలు. దానికి మీరు కట్టేది మనిషికి నెలకి 60 రూపాయలు. నామినీ పేరు ఎక్కించకపోతే ఇంటోళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి, చేర్చిన రోజే అది కూడా పూర్తి చేయించు.

విజయనగరం_ట్యాక్స్:

ట్యాక్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 12 వేలు వచ్చేవాళ్లకి ఏ పన్నూ లేదండి, వాళ్లని భయపెట్టకండి. వృత్తిపన్ను మన రాష్ట్రంలో నెలకి 15 వేలు దాకా లేదు, 15 నుంచి 20 వేల మధ్య 150, 20 వేలు దాటితే 200. బాయిలర్ మేస్త్రికి 18 వేలు ఇస్తున్నారనుకోండి 150 కోసి మీరు కట్టాలి, మేనేజరుకి 26 వేలైతే 200. యజమానిగా మీ నాన్నగారికి వేరే నమోదు ఉంటుంది, ఏడాదికి 2,500 మించదు. చాలామంది ఇది మర్చిపోతారు, నాలుగైదేళ్లకి నోటీసు వచ్చాక వెతుక్కుంటారు.

జీతాల మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మీ యూనిట్‌లో ఎవరికీ పడదు, కొత్త పద్ధతిలో జీతగాళ్లకి ఏడాదికి 12 లక్షల 75 వేల దాకా పన్ను లేదు. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. లోడింగ్‌కి గానీ కటింగ్‌కి గానీ మేస్త్రికి కాంట్రాక్టు ఇచ్చి, ఒక బిల్లు 30 వేలు దాటినా ఏడాది మొత్తం లక్ష దాటినా ఒక శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఇన్‌కమ్ ట్యాక్స్) కోసి తర్వాతి నెల 7లోపు కట్టాలి. అంతకుముందు ఏడాది మీ అమ్మకాలు కోటి దాటి ఉంటేనే ఇది, జీడిపప్పు వ్యాపారంలో కోటి ఎంతలో దాటుతుంది చెప్పండి.

రెండోది, ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చుని మీ లెక్కలో ఒప్పుకోరు. మీరు వారం వారం ఇస్తున్నారు కాబట్టి కూలీలకి ఇబ్బంది లేదు, మేనేజరు జీతం మాత్రం బ్యాంకులోనే వెయ్యండి. నిజానికి అందరికీ బ్యాంకులో వేసి చిన్న స్లిప్పు ఇవ్వడం మంచిది, రేపు పీఎఫ్ వాళ్లో లేబర్ వాళ్లో వస్తే అదే మీకు సాక్ష్యం. కొత్త కోడ్ ప్రకారం ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి, నెలజీతం అయితే తర్వాతి నెల 7లోపు, పని మానేసిన మనిషికయితే రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇచ్చెయ్యాలి.

పనోళ్లకి చెప్పాల్సిన ట్యాక్స్ మాట ఒకటే ఉంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీసేస్తే, అది 50 వేలు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 10 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ లేకపోతే 20 శాతం. ఐదేళ్లు దాటితే పైసా పన్ను లేదు.

ఇవి కాక 20 మంది ఉన్నారు కాబట్టి బోనస్ కూడా ఉంటుంది, 21 వేలు లోపు జీతగాళ్లకి, ఏడాదిలో 30 రోజులు చేసినవాళ్లకి, తక్కువలో తక్కువ 8.33 శాతం. ఐదేళ్లు దాటినవాళ్లకి గ్రాట్యుటీ, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకి 26 రోజులు లెక్క. దసరాకి సంక్రాంతికి మీరు ఇచ్చే డబ్బుని రాసి సంతకం పెట్టించుకోండి, రాయకపోతే ఇచ్చినట్టు కాదు.

ఉద్దానం_అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్సండి. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను, ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మన దగ్గర పొట్టు తీసే ముసలావిడ మొగుడు పోయినప్పుడు మనం పదివేలిచ్చి ఊరుకున్నాం, ఆయన మన దగ్గరే కదా చేసింది" అన్నారు. రెండు షెడ్ల మాట ఇంక ఎత్తరు. మాస్టారు చెప్పినట్టు ఆధార్‌లు చూశాను, ఇద్దరికి 47 నడుస్తంది, ఒకావిడకి 48కి ఇంక కొన్ని వారాలే.

ఇంకో రెండు మూడు అడగాలి. పనోళ్లు రేషన్ కార్డు పోద్దేమో అని భయపడతన్నారు, అసలు వాళ్లు వద్దనడానికి పెద్ద కారణం అదే అని ఇప్పుడు తెలిసింది. కటింగ్ చేసేవాళ్లకి జీడి నూనె పడి వేలిముద్రలు అరిగిపోయేయి, రేషన్ దగ్గరే పడవు, మరి యూఏఎన్ ఎలాగ? ఈఎస్‌ఐ వల్ల మన ఉద్దానం వాళ్లకి నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా, మా ఊళ్లో కిడ్నీ జబ్బు లేని ఇల్లు తక్కువ.

అరసవల్లి_అకౌంట్స్:

అమ్మా, ఆ 48 దగ్గర పడినావిడని ముందు చేర్చండి, పాత నెలలు నమోదు కార్యక్రమంలో కలిపితే ఇంకా మంచిది.

కార్డు సంగతి. పీఎఫ్ నంబరు ఉంటే కార్డు తీసెయ్యాలన్న నిబంధన లేదు. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకి 10 వేలు, పట్నాల్లో 12 వేలు అన్న హద్దు, గవర్నమెంట్ ఉద్యోగం, ఇన్‌కమ్ ట్యాక్స్, కారు, పొలం, కరెంటు యూనిట్లు, ఇవీ చూసేవి. ఆదాయం హద్దు పీఎఫ్ కట్టినా కట్టకపోయినా ఉన్నదే, ఈ మాట వాళ్లకి దాచకుండా ఇలాగే చెప్పండి, సగం చెప్తే తర్వాత మిమ్మల్నే అంటారు.

వేలిముద్రలకి భయం లేదు. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించే తియ్యాలి, వేలు పెట్టే పనే లేదు. ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోండి, మన వైపు చాలామందికి పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటుంది, సంవత్సరం తేడా ఉంటే పెన్షన్ దగ్గర ఇబ్బంది. ఇంతకుముందు చెన్నైలోనో ఎక్కడో చేసినవాళ్లకి పాత నంబరు ఉండొచ్చు, అడిగి అదే వాడండి, రెండోది తియ్యొద్దు.

ఈఎస్‌ఐ గురించి మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. జబ్బుచేసి పనికి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తారు, దానికి అంతకుముందు ఆర్నెల్ల కాలంలో 78 రోజుల చందా ఉండాలి. కాన్పుకి 26 వారాలు పూర్తి వేతనం. దీర్ఘకాలిక జబ్బులు 34 ఉన్నాయి, వాటిలో కిడ్నీ ఫెయిల్యూర్ కూడా ఉంది, రెండేళ్ల నుంచి ఈఎస్‌ఐలో ఉండి 156 రోజులు చందా కట్టిన మనిషికయితే రెండేళ్ల దాకా 80 శాతం వేతనం వస్తుంది. వైద్యం ఆ మనిషికీ ఇంట్లోవాళ్లకీ కూడా. పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది, డయాలసిస్ దొరుకుతుంది, కానీ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషి కూలి ఎవరిస్తారు చెప్పండి, ఆ లోటు తీర్చడానికి ఇది పనికొస్తుంది. పనోళ్లతో మాట్లాడేటప్పుడు పీఎఫ్ కంటే ముందు ఇది చెప్పండి.

రిజిస్ట్రేషన్‌కి పాన్, బ్యాంక్ వివరాలు, కరెంటు బిల్లు, మీ నాన్నగారి ఆధార్, డిజిటల్ సంతకం తీసి పెట్టుకోండి. శ్రమ్ సువిధ అనే గవర్నమెంట్ వెబ్‌సైట్లో పీఎఫ్, ఈఎస్‌ఐ రెండిటికీ ఒకే అప్లికేషన్ ఉంటుంది. 24 మంది పేర్లూ పనిలో చేరిన తేదీలూ ఒక కాగితం మీద నిజంగా ఉన్నట్టే రాయండి, కేజీల లెక్క పుస్తకం ఉంటే అదే మీకు ఆధారం, దాన్ని పారెయ్యొద్దు. ఎక్కడైనా ఆగితే ఇక్కడే రాయండి, నేను రాత్రిపూట చూస్తుంటాను.

మందస_జీడి:

అమ్మా, ఆ శ్రమ్ సువిధ పని అయ్యాక నాకూ చెప్పు, మా దగ్గర గ్రేడింగ్‌కి కాంట్రాక్టరు తెచ్చిన ఆడోళ్లు ఎనిమిది మంది ఉన్నారు, వాళ్లని నేను ఇంతవరకూ లెక్కలో వెయ్యలేదు. వాళ్లని కూడా చేర్చేస్తాను.